రాత్రి షిఫ్టు తర్వాత పగటి నిద్ర నిలవాలంటే

గాజువాక వైపు రాత్రి షిఫ్టు చేసి వచ్చే నాకు, ఒళ్లు ఎంత అలసినా ఉదయం 10 గంటలకల్లా మెలకువ వచ్చేయడం పెద్ద చికాకుగా ఉండేది. తెల్లవారుజామున 2 గంటల తర్వాత టీ మానేసి, గేటు దాటగానే నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, దారిలో ఎక్కడా ఆగకుండా ఇల్లు చేరి, కిటికీకి ముదురు రంగు దుప్పటిని రెండు మడతలుగా కట్టి 8 గంటలలోపు పడుకుంటే, నిద్ర మధ్యాహ్నం 2 వరకు సాగుతోంది. కంటిలో పడే ఉదయపు వెలుగు నిద్రకు తోడ్పడే మెలటోనిన్ అనే హార్మోన్‌ను తగ్గించి మెదడుకు పగలైందని చెబుతుంది. వేసవిలో విశాఖలో 5.30కే సూర్యుడు వచ్చేస్తాడు కాబట్టి ఇక్కడ అద్దాల అవసరం ఇంకా ఎక్కువ. కునికిపాట్లు పడుతూ నల్లద్దాలతో బండి మాత్రం నడపకూడదు, ఆ రోజు బస్సే మేలు. రాత్రి షిఫ్టుల వరుసలో చివరి రోజున ఈ పద్ధతి పనికిరాదు, మళ్లీ రాత్రి నిద్రకు మారాలి కాబట్టి ఆ ఉదయం గంటన్నర మాత్రమే పడుకుని తర్వాత వెలుగులో తిరగాలి.