రాజీ పడకుండా ఉండాలంటే ముందే చేసుకోవాల్సిన పనులు

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తాని. మా చర్చి సంఘంలో కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు "అంకుల్, పనిచేసే చోట విశ్వాసంగా ఎలా నిలబడాలి?" అని అడుగుతుంటారు. ప్రార్థన చేసుకోండి అని పంపేస్తే సరిపోదు. ప్రార్థనతో పాటు చేయాల్సిన పనులున్నాయి.

దేని దగ్గర ఆగాలో ముందే తేల్చుకోండి. బైబిల్లోని దానియేలు, బందీగా వెళ్లిన బబులోనులో కల్దీయుల విద్య నేర్చుకున్నాడు, బెల్తెషాజరు అని పేరు పెడితే ఊరుకున్నాడు. రాజు పెట్టే భోజనం దగ్గర మాత్రం ఆగాడు, తిననన్నాడు. ప్రతిదానికీ పేచీ పెట్టేవాడి మాట అసలు విషయం వచ్చినప్పుడు ఎవరూ వినరు. దసరాకు మా కొట్లో ఆయుధపూజ చేస్తారు. ముందురోజు ఊడ్చి సర్దే పనిలో నేనూ ఉంటాను. హారతి వేళ పక్కకు వచ్చేస్తాను. ప్రసాదం ఇస్తే "వద్దండి, ఏమీ అనుకోకండి" అంటాను. అంతే. బయటికి పెద్దగా కనిపించేది ఇదే కానీ, మనిషిని నిజంగా పరీక్షించేవి తూకం, కట్నం.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డుకు సరుకు పోటెత్తుతుంది. రాత్రంతా ప్రయాణం చేసొచ్చిన రైతు నిద్ర కళ్లతో నిలబడి ఉంటాడు. కాయలో తేమ ఉందనో, తాలు (రంగు పోయిన కాయ) ఎక్కువనో టిక్కీకి, అంటే మిర్చి బస్తాకి, ఇంత తరుగు తీసి రాయమనే మాట వస్తుంది. టిక్కీకి చూస్తే చిన్న అంకె. పంటంతా కలిపితే అది ఆ ఇంటి పిల్లల ఫీజు. దొంగత్రాసు యెహోవాకు హేయమని బైబిల్లో సామెతల గ్రంథం 11వ అధ్యాయం మొదటి వచనమే చెబుతోంది. అందులో చిన్న అంకెలకు మినహాయింపు లేదు.

ఈ మాట యజమానితో కాటా దగ్గర తేల్చుకోవద్దు. సీజన్ మొదలవకముందు, కొట్టు ఖాళీగా ఉన్నప్పుడు, ఒక్కరే వెళ్లి మాట్లాడండి. బైబిల్ వాక్యాలు అప్పజెప్పొద్దు. దానియేలు అధికారిని బతిమాలాడు, పది రోజులు కూరగాయలు పెట్టి పరీక్షించి చూడమన్నాడు. మీరూ "చేయను" అని ఆపేయకుండా ఒక దారి చూపించండి. నేను చెప్పింది ఇది: "కాటా చూపించిన అంకే రాస్తానండి. తేమ ఉంటే ధర దగ్గర మాట్లాడదాం. రైతుకు నచ్చితే ఇస్తాడు, లేకపోతే లేదు. తూకంలో మాత్రం వద్దు." కాటాకు ఏటా వేయించాల్సిన ముద్ర గడువు దాటకుండా చూసే బాధ్యత కూడా మీరే తీసుకోండి. పని బాగా చేసేవాడి అభ్యంతరానికి బరువుంటుంది.

అయినా మిమ్మల్ని కాటా దగ్గర నుంచి తీసేయొచ్చు, జీతం పెంచకపోవచ్చు. అందుకే కొన్ని నెలల ఇంటి ఖర్చు విడిగా దాచుకోండి. యజమాని దగ్గర అడ్వాన్సు వాడుకున్నవాడికి ఎదురు చెప్పడం ఎంత కష్టమో యార్డులో రోజూ చూస్తుంటాను. అలాగని తొందరపడి ఉద్యోగం మానేయొద్దు. బాప్తిస్మమిచ్చు యోహాను సుంకరులను, అంటే పన్ను వసూలు చేసేవాళ్లను, పని వదిలేయమనలేదు, నిర్ణయించినదానికంటే ఎక్కువ తీసుకోవద్దన్నాడు.

ఇక కట్నం. 1961 నుంచీ చట్టం వద్దంటోంది, మన చర్చిల్లో మాత్రం నడుస్తూనే ఉంది. నాకు చాలా బాధగా ఉండేది ఇక్కడే. "మేమేం అడగం, మీ అమ్మాయికి మీరు పెట్టుకునేది మీ ఇష్టం" అనే మాట మర్యాదగా వినిపిస్తుంది కానీ, అది అడగడమే. ఆ మాట విన్న తండ్రి ఆ రాత్రే అప్పు కోసం ఎవరి దగ్గరికి వెళ్లాలా అని ఆలోచిస్తాడు. మగపిల్లవాడి తల్లిదండ్రులైతే పెళ్లిచూపులకు ముందే, మధ్యవర్తి ద్వారా, తిరకాసు లేకుండా చెప్పించండి: డబ్బు, బండి, స్థలం, లాంఛనాలు ఏవీ తీసుకోం, పెళ్లి ఖర్చులో సగం మాది. పాస్టరుగారికి కూడా చెప్పి ఉంచండి. చర్చిలో పెళ్లి గురించి మొదటి ప్రకటన చదివేసరికి ఈ సంగతి రెండు వైపుల బంధువులకూ తెలిసి ఉండాలి. అప్పటికీ ప్రధానం రోజు ఎవరో పెద్దమనిషి ఒక కవరు మీ చేతిలో పెడతారు. ఇంటికి తీసుకెళ్లి ఆలోచిద్దాం అనుకోవద్దు. అక్కడే, అందరి ఎదుట, "అమ్మాయిని ఇస్తున్నారు, మాకది చాలు బావగారూ" అని రెండు చేతులతో తిరిగి ఇచ్చేయండి.