దుమ్ము లేవకుండా బయటి గోడ రంగు గీకడం

పొరలుగా లేచిన పాత రంగును పొడిగా గీకితే దుమ్మంతా ఇంట్లోకే వస్తుంది. లీటరు నీళ్లలో ఒక చెంచా గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, 3 అడుగుల మేర స్ప్రే చేసి 10 నిమిషాలు నాననివ్వండి. 4 అంగుళాల స్క్రాపర్‌ను దాదాపు పడుకోబెట్టి తోయాలి; నిలబెడితే ప్లాస్టర్ కూడా ఊడొస్తుంది. హైదరాబాద్ ఎండకు తడి ఇట్టే ఆరిపోతుంది, అందుకే తూర్పు గోడ మధ్యాహ్నం, పడమటి గోడ పొద్దున పెట్టుకోండి. కింద టార్పాలిన్, ముఖానికి ఎన్‌95 మాస్క్ ఉండాల్సిందే. గట్టిగా పట్టుకున్న రంగు జోలికి పోవద్దు, గోడ బాగా ఆరాక దాని మీదే ప్రైమర్ వేయొచ్చు.

గ్రిల్స్, గేట్ల ఎనామిల్‌కు మాత్రం ఇది పనిచేయదు. రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగైతే అందులో విషపూరితమైన సీసం ఎక్కువ ఉండొచ్చు, కాబట్టి సాండ్‌పేపర్‌తో పొడిగా రుద్దొద్దు, మంటతో కాల్చొద్దు.