భాషా యాత్రలో నడక, పడవ షికారు: పిల్లలతో బయలుదేరే ముందు జాగ్రత్తలు

భాషా యాత్ర అంటే పిల్లలు కొత్త భాష నేర్చుకునేందుకు ఆ భాష మాట్లాడే చోటికి టీచర్లతో వెళ్లడం. పడవ ఎక్కే ముందు పిల్లలకు లైఫ్ జాకెట్ తొడిగితే చాలదు, పట్టీలన్నీ బిగించాలి. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. చెవుల దాకా లేచిందంటే నీళ్లలో తల మీదుగా జారిపోతుంది. ఈత వచ్చినవాళ్లకూ మినహాయింపు వద్దు. చన్నీళ్లలో హఠాత్తుగా పడితే ఎవరికైనా ఊపిరి అందదు.

పడవ నడిపేవారి సూచనలు పిల్లలకు ఇంకా పట్టుబడని భాషలో ఉంటాయి. తలూపారు కదా అని వదిలేయకండి. ఎక్కడ కూర్చోవాలో, ఎప్పుడు లేవకూడదో వాళ్ల చేతే తిరిగి చెప్పించండి.

ఎక్కే ముందు, దిగాక, దారి చీలిన ప్రతిచోటా తలలు లెక్కపెట్టండి.

ఉబ్బసం ఉన్న బిడ్డ ఇన్‌హేలర్ బస్సులో కాదు, ఆ బిడ్డ దగ్గరే ఉండాలి.

జీన్స్ వద్దు. తడిస్తే బరువెక్కుతాయి, త్వరగా ఆరవు.

కొత్త బూట్లూ వద్దు, మడమలు బొబ్బలెక్కుతాయి.

బస చిరునామా, టీచరు నంబరు కాగితం మీద రాసి పిల్లల జేబులో పెట్టండి. ఫోను తడిసినా దారి తెలుస్తుంది.