పన్నెండు స్వరాల వరుస – 4వ పాఠం: ఒకే మెట్టు, రెండు పేర్లు

పన్నెండు స్వరస్థానాలనూ ఒక్కోటి ఒక్కసారే వచ్చేలా పేర్చితే అది మన వరుస. దాన్ని తలకిందులు చేయడం, అంటే పైకి వెళ్లిన ప్రతి దూరాన్నీ అంతే కిందికి, కిందికి వెళ్లినదాన్ని పైకి తిప్పడం, ఇవాళ్టి పాఠం. కానీ పోయినసారి మీరు రాసి పంపిన వరుసలు చూశాక, ముందు ఒక తప్పు దిద్దాల్సి వచ్చింది.

సగం మంది చతుశ్రుతి రిషభం, శుద్ధ గాంధారం రెండూ రాశారు. పేర్లు వేరు కాబట్టి స్వరాలూ వేరే అనుకున్నారు. మనకు పేర్లు 16, స్థానాలు 12 మాత్రమే. వీణ సారణి తీగను (షడ్జమానికి శ్రుతి చేసిన మొదటి తీగను) రెండో మెట్టు మీద నొక్కి మీటండి. ఖరహరప్రియ రాగంలో అది రిషభం, కనకాంగి రాగంలో గాంధారం. మూడో మెట్టు చలనాటలో రిషభం, తోడిలో గాంధారం. తొమ్మిది, పది మెట్ల మీద ధైవత నిషాదాలదీ ఇదే సంగతి. కచేరీలో గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, వాటిని వేరుగా వినిపిస్తుంది. ఇక్కడ గమకం లేదు. ఒక మెట్టు రెండుసార్లు వచ్చిందంటే ఇంకో మెట్టు తప్పిపోయినట్టే. పైగా రెండుసార్లు విన్నదాన్ని చెవి పట్టుకుని వదలదు. ఏ స్వరానికీ పెద్దరికం రాకూడదనే కదా ఆస్ట్రియా స్వరకర్త ఆర్నాల్డ్ షోన్‌బర్గ్ 1920ల మొదట్లో ఈ పద్ధతి పెట్టుకున్నది!

అందుకే నేను పేర్లు మానేసి మెట్ల అంకెలే రాస్తాను. ఖాళీ తీగ 0, కాకలి నిషాదం 11. పాశ్చాత్యుల 'సి'ని షడ్జమం అనుకుంటే, షోన్‌బర్గ్ ఓపస్ 25 పియానో సూట్ వరుస ఇది:

4 5 7 1 6 3 8 2 11 0 9 10

తలకిందులు చేయడానికి నా పద్ధతి: మొదటి అంకెను రెట్టింపు చేసి, అందులోంచి ఒక్కో అంకె తీసేయండి. మైనస్ వస్తే 12 కలపండి, 11 దాటితే 12 తీసేయండి. 8లోంచి 4, 5, 7, 1 తీస్తే 4, 3, 1, 7. ఆ 7, 1 జంట 1, 7గా మళ్లీ అదే చోటికి వచ్చింది చూశారా? ఆ సూట్‌లో ఆయన వాడుకున్న నాలుగు రూపాల్లోనూ (వాటిని వెనక నుంచి చదివినవి వదిలేస్తే) మూడు, నాలుగు స్థానాలు ఆ జంటవే. నాకు ఆ వరుస మీద ఇష్టం పుట్టింది అక్కడే.

ఇద్దరు తంబూరా యాప్ పెట్టుకుని రికార్డు చేశారు. చెన్నైలో శ్రుతి లేకుండా నోరు తెరవాలంటే టెన్షనే, నాకు తెలుసు. మైలాపూర్‌లో మా పక్కవాటాలో పొద్దున్నే సరళీ వరుసలు (సంగీతం నేర్చుకునేవాళ్ల తొలి స్వర సాధనలు) మొదలవుతాయి, అవి ఆగాకే నేను వీటితో కూర్చుంటాను. షడ్జమం మోగుతున్నంతసేపూ మిగతా పదకొండూ దాని చుట్టూ చేరి ఏదో రాగం ముక్కల్లా వినిపిస్తాయి. యాప్ ఆపేయండి.

సాధన: మీ వరుసను సరిదిద్ది, తలకిందులు చేసి, అకారంతో పాడండి. స్వరానికి నాలుగు అక్షరాల కాలం. మొదటి స్వరం మాత్రమే వీణ మీద వినండి. పన్నెండోది పాడాక దాని మెట్టు మీటి చూసుకోండి, కలవకపోతే మళ్లీ మొదటి నుంచి.