తరగతి మూయాలా, నడపాలా: అంటువ్యాధి వచ్చినప్పుడు బెంగళూరు బడులు, తల్లిదండ్రులు నిర్ణయించుకునే పద్ధతి

బెంగళూరులో జూన్ వానలు మొదలైనప్పుడు ఒకసారి, డిసెంబరు, జనవరి చలిలో మరోసారి, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒకే వాదన నడుస్తుంది. తరగతిలో నలుగురు పిల్లలకు జ్వరం రాగానే కొందరు వారం రోజులు సెలవు ప్రకటించమని పట్టుబడతారు; ఇంట్లో ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళేవారు పిల్లల్ని ఎవరు చూసుకుంటారని ఎదురు ప్రశ్నిస్తారు. ఇరుపక్షాల మాటలోనూ న్యాయం ఉంది. అయితే ముందుగా తేలవలసిన సంగతులు రెండు: వచ్చిన జబ్బు ఏది, బడి లేని రోజుల్లో ఆ పిల్లలు ఎక్కడ గడుపుతారు. ఈ రెండూ తెలియకుండా ఇచ్చిన సెలవు వల్ల పాఠాలు పోవడం ఖాయం; జబ్బు తగ్గుతుందన్న హామీ మాత్రం లేదు.

జబ్బు పేరు, దాని గడువు

"వైరల్ ఫీవర్ తిరుగుతోంది" అన్న మాట ఆధారంగా తరగతిని మూయకూడదు. జ్వరం వచ్చిన పిల్లల్లో కనీసం ఇద్దరు ముగ్గురి విషయంలో వైద్యుడు ఏమన్నారో తరగతి ఉపాధ్యాయురాలు ఫోన్ చేసి తెలుసుకోవాలి. వైద్యుని వద్దకు వెళ్ళే స్తోమత లేని కుటుంబాలను దగ్గరి నమ్మ క్లినిక్ అనే ప్రభుత్వ చికిత్సాలయానికి గాని, పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి గాని పంపవచ్చు. ఒకే రకం లక్షణాలతో పలువురు పిల్లలు పడిపోయినప్పుడు ఆ కేంద్రానికి బడి తరఫున సమాచారం ఇవ్వడం మంచిది. 104 ఆరోగ్య సహాయవాణికి ఫోన్ చేసినా దారి చెబుతారు.

పేరు ఎందుకు ముఖ్యమో డెంగీ చూస్తే అర్థమవుతుంది. అది పిల్లవాడి నుంచి పిల్లవాడికి అంటదు, దోమ కావాలి. ఆ దోమ పగటిపూట కుడుతుంది, గుడ్డు నుంచి దోమ కావడానికి దానికి వారం, పది రోజులు చాలు. కర్ణాటక ప్రభుత్వం 2024 సెప్టెంబరులో డెంగీని అంటువ్యాధిగా ప్రకటించినప్పుడు కూడా పని పడింది నీటి నిల్వల మీదే. డెంగీకి భయపడి బడిని వారం రోజులు మూసి, సంపు మూత తెరిచి, పూలకుండీల కింది పళ్ళేల్లో నీళ్ళు వదిలేసి వెళ్ళిపోతే, సోమవారానికి బడి దోమల తొట్టి అయి కూర్చుంటుంది. అక్కడ కావలసింది వారానికొకసారి నీళ్ళన్నీ పారబోసి, తొట్లు రుద్ది కడిగే మనిషి.

మనుషుల నుంచి మనుషులకు అంటుకునే జబ్బుల్లో, సోకిన రోజుకూ లక్షణాలు బయటపడే రోజుకూ మధ్య ఎంత వ్యవధి ఉందో చూడాలి. సెలవు పని చేస్తుందా లేదా అన్నది చాలావరకు ఇక్కడే తేలిపోతుంది.

ఆటలమ్మను తీసుకుందాం. సోకిన తరువాత పొక్కులు కనిపించడానికి 10 నుంచి 21 రోజులు పడుతుంది; పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందే పిల్లవాడు ఇతరులకు అంటిస్తాడు. ఒక పిల్లవాడు జూలై 3న చివరిసారి బడికి వచ్చాడనీ, ఆ రాత్రి ఒంటి మీద పొక్కులు కనిపించాయనీ అనుకుందాం. మరునాడు తరగతిని మూసి నాలుగు రోజుల తరువాత తెరిస్తే పిల్లలందరూ నిక్షేపంగా తిరిగి వస్తారు, సెలవు ఫలించిందని అందరూ సంతోషిస్తారు. పక్క బెంచీలో కూర్చున్న పిల్లకు అసలు ముప్పు ఆ తరువాతే మొదలవుతుంది: ఆమె ఇతరులకు అంటించగల రోజులను కూడా కలుపుకుంటే, గమనించవలసిన కాలం జూలై 11 నుంచి 24 వరకు. ఆ నాలుగు రోజుల సెలవు వృథా. మూడు వారాలు మూయడం ఎవరి వల్లా కాదు, అంత అవసరమూ లేదు. పొక్కులన్నీ ఎండి పెచ్చులు కట్టేవరకు ఆ ఒక్క పిల్లవాడిని ఇంట్లో ఉంచి, మిగతా వారి తల్లిదండ్రులకు ఆ తేదీలు రాసి పంపి, ప్రతి ఉదయం పిల్లల ఒళ్ళు చూసి పంపమని చెప్పడమే సరైన పని.

ఆటలమ్మ విషయంలో మరో కబురు ఆ రోజే వెళ్ళాలి. తరగతిలో క్యాన్సర్ చికిత్స పొందుతున్న పిల్లలు ఉంటే వారి తల్లిదండ్రులకు, ఇంతకుముందు ఈ జబ్బు రాని గర్భిణి ఉపాధ్యాయురాలికి, గంటల్లో తెలియజేయాలి. వారికి ఇవ్వగల నివారణ చికిత్సకు గడువు కొద్ది రోజులే ఉంటుంది.

గవదబిళ్ళలదీ దాదాపు ఇదే లెక్క. వాపు మొదలైన రోజు నుంచి ఐదు రోజులు పిల్లవాడు ఇంట్లో ఉండాలి. ప్రభుత్వం ఉచితంగా వేసే ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకాలో గవదబిళ్ళలకు మందు లేదు కనుక, టీకాలన్నీ వేయించామన్న ధీమాతో ఉన్న ఇళ్ళలోనూ అది కనిపిస్తుంది. తట్టు అయితే తరగతిని మూయడం కన్నా టీకా కార్డులు తెప్పించి చూడడం ముఖ్యం: 2017 ఫిబ్రవరిలో ఎంఆర్ టీకా ప్రచారం మొదలైన తొలి రాష్ట్రాల్లో కర్ణాటక, తమిళనాడు ఉన్నాయి. అయినా పని వెతుక్కుంటూ ఊళ్ళు మారే కుటుంబాల పిల్లలకు రెండో మోతాదు తప్పిపోయి ఉండవచ్చు. కళ్ళకలకకు, చేతులు, కాళ్ళు, నోట్లో పొక్కులు వచ్చే జబ్బుకు తరగతి మూయవలసిన పని సాధారణంగా రాదు.

ఫ్లూ దగ్గర లెక్క మారుతుంది. సోకిన ఒకటి నుంచి నాలుగు రోజుల్లో లక్షణాలు బయటపడతాయి కాబట్టి, శని, ఆదివారాలకు ముందు రెండు రోజులు కలిపి నాలుగైదు రోజులు ఆ తరగతి పిల్లలు నిజంగా విడిగా ఉంటే గొలుసు తెగుతుంది. అయితే తొందరగా చేయాలి. సగం తరగతి మంచాన పడ్డాక మూస్తే మిగిలేది ఖాళీ బెంచీలే. జపాన్‌లో ఫ్లూ కాలంలో బడి మొత్తాన్ని కాకుండా ఒక్క తరగతిని కొద్ది రోజులు మూసే అలవాటు చాలాకాలంగా ఉంది, అది మన ఊరికీ సరిపోతుందని నా అభిప్రాయం.

హాజరుపట్టీ చదవడం

"ఎంతమంది రాకపోతే మూయాలి" అని అడిగేవారికి అన్ని బడులకూ పనికివచ్చే అంకె లేదు. రోజూ ఇద్దరో ముగ్గురో రాని 40 మంది తరగతిలో, రెండు మూడు రోజుల్లో ఆ సంఖ్య పదికి చేరి, వారందరిదీ ఒకే రకం జ్వరం, దగ్గు అయితే నేను మూసివేత గురించి ఆలోచిస్తాను. పోల్చేటప్పుడు సోమవారాన్ని సోమవారంతోనే పోల్చాలి. దసరా, సంక్రాంతి సెలవుల తరువాతి మొదటి రోజున హాజరు తగ్గితే, దానికి కారణం జ్వరం కన్నా అనంతపురం, కడప, కర్నూలు నుంచి వచ్చే బస్సుల్లో సీట్లు దొరకకపోవడం కావచ్చు.

హాజరుపట్టీ ఒక్కటే చాలదు. ఒక కాగితం మీద పిల్లవాడి సెక్షన్, కూర్చునే బెంచీ, వచ్చే వ్యాను, జబ్బు మొదలైన తేదీ, లక్షణం, అదే బడిలో చదివే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ తరగతులు వరుసగా రాయాలి. అరగంట పని. రాయగానే కొన్నిసార్లు బొమ్మ మారిపోతుంది: మూడు తరగతుల్లో చెదిరి ఉన్న తొమ్మిది మందిలో ఏడుగురు, అద్దాలు బిగించుకుని మారతహళ్ళి ట్రాఫిక్‌లో ముప్పావు గంట నిలబడే ఒకే వ్యానులో వస్తున్నారని తేలవచ్చు. అప్పుడు ఏ తరగతినీ మూయనక్కరలేదు. వ్యాను కిటికీలు తెరిపించి, ఆ పిల్లల ఇళ్ళకు కబురు చేస్తే చాలు. ఒకేరోజు వేర్వేరు తరగతుల్లో వాంతులు, విరేచనాలు మొదలైతే ముందు చూడవలసినది మంచినీళ్ళ ట్యాంకు, ఆ వారం వచ్చిన ట్యాంకరు, వంటగది. నీళ్ళు సరిగా ఉన్నాయని తేలేవరకు బడి మొత్తం మూసినా తప్పు లేదు. ఆ జబ్బుల్లో చాలావాటికి చేతులు రుద్దుకునే శానిటైజర్ కన్నా సబ్బు, నీళ్ళే నయం.

మూయడానికి ముందు చేయవలసినవి

చాలా బడుల్లో జబ్బు పిల్లలు బడికి రావడానికి కారణం బడే. యూనిట్ టెస్ట్ ఉన్న రోజున ఉదయం ఏడింటికి పారాసిటమాల్ సిరప్ తాగించి పంపుతారు. పదకొండు దాటేసరికి మందు ప్రభావం దిగి, పిల్లవాడు బల్ల మీద తల వాల్చేస్తాడు, ఈలోగా నాలుగు పీరియడ్లు గడిచిపోతాయి. నూరు శాతం హాజరుకు ఇచ్చే బహుమతిని రద్దు చేసి, జబ్బుతో తప్పిన పరీక్షను మళ్ళీ పెడతామని రాసి ఇస్తే, సెలవు ప్రకటన కన్నా అది ఎక్కువ మేలు చేస్తుంది. నియమం సరళంగా ఉండాలి: మందు వేయకుండా 24 గంటలు జ్వరం లేకపోతేనే బడికి, చివరి వాంతి లేదా విరేచనం అయిన 48 గంటల తరువాతే బడికి. ఉపాధ్యాయులు రాని రోజున రెండు సెక్షన్లను ఒకే గదిలో కూర్చోబెట్టడం కూడా ఆపాలి. ఒక సెక్షన్‌లో ఉన్న జబ్బును పక్క సెక్షన్‌కు చేరవేయడానికి అంతకన్నా దగ్గరి దారి లేదు.

ఇవన్నీ చేసినా జబ్బు వేగంగా పాకుతున్నప్పుడు, ఉపాధ్యాయులు కూడా పడిపోయి తరగతి నడవనప్పుడు, లేదా 2023 సెప్టెంబరులో కేరళలోని కోళికోడ్‌లో నిపా వైరస్ వచ్చినప్పటిలా ఆరోగ్య శాఖ ఆదేశించినప్పుడు మూయాలి. ఆదేశం వచ్చాక బడి స్థాయిలో చర్చకు తావు లేదు.

మూసేటప్పుడు

అవసరమైన సెక్షన్‌నే మూయాలి, తెరిచే తేదీని ముందే చెప్పాలి. కోవిడ్ కారణంగా 2022 జనవరి 6 నుంచి 30 వరకు బెంగళూరులో 1 నుంచి 9 తరగతులు మూసి, 10 నుంచి 12 తరగతులను నడిపారు. వయసును బట్టి, చదువు అవసరాన్ని బట్టి విడదీయవచ్చని అది చూపింది. తేదీ లేని మూసివేత ఎంత దూరం పోతుందో 2020 మార్చి తరువాత చూశాం: కర్ణాటకలో 1 నుంచి 5 తరగతుల పిల్లలు 2021 అక్టోబరు 25న గాని బడి మెట్లెక్కలేదు. బెంగళూరులోని అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం కర్ణాటకతో సహా ఐదు రాష్ట్రాల్లో చేసిన అధ్యయనాన్ని 2021 ఫిబ్రవరిలో ప్రకటించింది. 2 నుంచి 6 తరగతుల పిల్లల్లో 92 శాతం మంది భాషలో అంతకుముందు వచ్చిన సామర్థ్యాల్లో కనీసం ఒకదాన్ని పోగొట్టుకున్నారు. నాలుగు రోజుల సెలవుకు ఆ నష్టం రాదు, కాని నాలుగు రోజులు ఎనిమిదై, ఎనిమిది పదిహేనయ్యే మార్గాన్ని మొదటే కట్టివేయాలి.

ప్రభుత్వ బడి అయితే బ్లాకు విద్యాధికారికి తెలియజేసి, మధ్యాహ్న భోజనం, పాలు ఆ పిల్లలకు ఎలా అందుతాయో మూసే ముందే తేల్చుకోవాలి. అపార్టుమెంట్ల నిర్మాణ పనుల మీద పాలమూరు నుంచి, రాయలసీమ నుంచి వచ్చి షెడ్లలో ఉండే కుటుంబాల పిల్లలకు బడి లేదంటే, తల్లి వెంట పని స్థలానికి వెళ్ళడమో, చిన్న షెడ్డులో ఆరుగురితో కలిసి ఉండడమో తప్పదు. తరగతి గది కన్నా అది ఇరుకు. అటువంటి పిల్లలు ఎక్కువగా ఉన్న బడిలో, జబ్బు లేనివారికి గాలి వచ్చే గదిలో తరగతి నడపడమే మంచిదని నేను అంటాను.

ఉద్యోగస్థుల ఇళ్ళలో ఇబ్బంది వేరు. సెలవు కబురు రాగానే, ఆ రాత్రి బస్సుకే టికెట్ తీసి పిల్లల్ని ఊళ్ళో అమ్మమ్మ దగ్గరో, నాయనమ్మ దగ్గరో దింపి వస్తారు. ఫ్లూ సోకిన ఆరేళ్ళ పిల్ల రాత్రంతా ఏసీ బస్సులో ప్రయాణించి, తెల్లవారేసరికి ఆయాసం ఉన్న డెబ్బై ఏళ్ళ మనిషి పక్కలో చేరుతుంది. మిగిలిన వారు ట్యూషన్‌కు, డే కేర్‌కు, సాయంత్రం అపార్టుమెంటు ఆటస్థలానికి వెళ్ళి, బడిలో కలవని సెక్షన్లతో కూడా అక్కడ కలుస్తారు. అందువల్ల సందేశంలో ఈ మాట ఉండి తీరాలి:

"రెండవ తరగతి బి సెక్షన్‌లో ఫ్లూ లక్షణాలతో పలువురు పిల్లలు జబ్బుపడినందున గురువారం నుంచి శనివారం వరకు ఈ సెక్షన్‌కు తరగతులు ఉండవు. సోమవారం యథావిధిగా తెరుస్తాము. ఈ రోజుల్లో పిల్లలను ఊళ్ళకు, ట్యూషన్లకు, డే కేర్‌కు పంపవద్దని, వృద్ధుల వద్ద పడుకోబెట్టవద్దని కోరుతున్నాము. జ్వరం ఉన్నవారు అది తగ్గి ఒక రోజు గడిచిన తరువాతే రావాలి. పరీక్ష వాయిదా పడింది."

జబ్బుపడిన పిల్లల పేర్లు సందేశంలో ఉండకూడదు. కన్నడ లిపి గాని, ఇంగ్లీషు గాని చదవలేని తెలుగు తల్లిదండ్రులు బెంగళూరులో తక్కువేమీ కారు కనుక, ఇదే సందేశాన్ని తెలుగులో గొంతుతో రికార్డు చేసి పంపడం అవసరం.

తెరిచిన రోజున మొదటి పీరియడ్‌లోనే హాజరును, పాత కాగితాన్ని పక్కపక్కన పెట్టుకుని చూడాలి. కొత్త పేర్లు ఒకటి రెండే అయితే తరగతి నడవవచ్చు, ఎక్కువైతే ఆరోగ్య కేంద్రంతో మళ్ళీ మాట్లాడాలి. వాయిదా పడిన పరీక్షను మాత్రం గురువారానికి ముందు పెట్టకూడదు. సోమవారం పెడితే ఇంకా తగ్గని పిల్లలను కూడా సిరప్ తాగించి తెచ్చి కూర్చోబెడతారు.