మునిగిన యుద్ధనౌక గంటను ఆరనివ్వకుండా కాపాడే విధానం

సముద్రగర్భం నుంచి పైకి తెచ్చిన కంచు గంటకు అసలు గండం గాలి తగిలాకే మొదలవుతుంది. దశాబ్దాలుగా లోహంలోకి ఇంకిన ఉప్పులోని క్లోరైడ్లు, గాలిలోని తేమా ఆక్సిజనూ తోడవగానే దానిని లోలోపలే తినేయడం మొదలుపెడతాయి. కనుక గంటను ఒక్క పూట కూడా ఆరనివ్వకూడదు. పడవ మీదే సముద్రపు నీటి తొట్టిలో పూర్తిగా ముంచి ఉంచాలి.

అయితే అంతకన్నా ముందు అనుమతి ఉండాలి. యుద్ధనౌక మునిగినంత మాత్రాన దానిపై సొంతదారైన దేశపు హక్కు పోదు. బ్రిటన్‌లో 1986 నాటి చట్టం, అమెరికాలో 2004 నాటి చట్టం ఇలాంటి శిథిలాలను కాపాడుతున్నాయి. పైగా అవి నావికుల సమాధులు. 1941 మే 24న మునిగిన బ్రిటన్ యుద్ధనౌక హెచ్‌ఎంఎస్ హుడ్‌లో 1,415 మంది చనిపోగా ముగ్గురే బతికారు.

ప్రయోగశాలకు చేరిన గంటను మంచినీటికి అలవాటు చేసి, తర్వాత సుమారు 5 శాతం సోడియం సెస్క్వికార్బనేట్ (తేలికపాటి క్షార లవణం) ద్రావణంలో నానబెట్టాలి. ద్రావణాన్ని తరచుగా మారుస్తూ, ప్రతిసారీ ఉప్పు ఎంత దిగిందో చూడాలి. పరీక్షనాళికలో కొద్దిగా ద్రావణం తీసుకుని, నైట్రిక్ ఆమ్లంతో ఆమ్లగుణానికి తెచ్చి, రెండు చుక్కలు సిల్వర్ నైట్రేట్ వేస్తే, క్లోరైడ్ ఉన్నంతకాలం అది పాలు కలిపినట్టు తెల్లబడుతుంది. ఆ తెలుపు కనిపించని స్థితికి రావడానికి నెలలు పట్టవచ్చు, తొందరపడకూడదు. ఇనుప వస్తువులకు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. వాటికి క్షార ద్రావణంలో విద్యుద్విశ్లేషణ అవసరమవుతుంది.

పైన పేరుకున్న గట్టి పెచ్చులను భూతద్దం కింద, చిన్న పనిముట్లతో కొంచెం కొంచెంగా తీయాలి. తళతళలాడేలా తోమడం, నా ఉద్దేశంలో, గంటకు చేసే అన్యాయం. 2015 ఆగస్టులో పైకి తీసిన హుడ్ గంటపై, అది 1891 నాటి పాత హుడ్ నౌక నుంచి వచ్చిందనీ, మొదటి ప్రపంచ యుద్ధంలోని జట్లాండ్ నౌకాయుద్ధంలో మరణించిన అడ్మిరల్ హొరేస్ హుడ్ జ్ఞాపకార్థం ఆయన భార్య కోరిక మేరకు కొత్త నౌకకు ఇచ్చారనీ చెక్కి ఉంది. అలాంటి అక్షరాల అంచులు ఒకసారి అరిగితే మళ్లీ రావు.

చివరగా అయాన్లు తీసేసిన నీటితో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, తుప్పును అడ్డుకునే రసాయనమైన బెంజోట్రయజోల్ పట్టించి, పైన పలుచగా మైక్రోక్రిస్టలైన్ మైనం పూయాలి. బెంజోట్రయజోల్ ఆరోగ్యానికి హాని చేయగలదు కాబట్టి తొడుగులు, గాలి ప్రసరణ తప్పనిసరి. ప్రదర్శన పెట్టెలో తేమను తక్కువగా ఉంచి, క్లోరైడ్ల దాడి మళ్లీ మొదలైందని చెప్పే లేత ఆకుపచ్చ పొడి ఎక్కడైనా రాలుతోందేమో క్రమం తప్పకుండా చూస్తూ, చిటికెడు కనిపించినా గంటను మళ్లీ చికిత్సకు పంపాలి.