రాయగడ నుంచి వైజాగ్ బండెక్కే ముందు: ఛాతీలో బృహద్ధమని ఉబ్బినవాళ్లకి జాగ్రత్తలు

బృహద్ధమని అంటే గుండె నుంచి ఒంటికంతా రక్తం తీసుకెళ్లే పెద్ద రక్తనాళం. అది ఉబ్బిందని సర్జన్‌కి చూపించుకోడానికి వెళ్తుంటే, ముందు స్కాన్ సీడీ పెట్టుకోండి. రిపోర్టు కాగితం ఒక్కటే చాలదండి, సర్జన్ సీటీ యాంజియో (మందు ఎక్కించి రక్తనాళాల్ని చూసే స్కాన్) బొమ్మలు తనే చూసి ఉబ్బు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో, మెదడుకీ చేతులకీ వెళ్లే రక్తనాళాలు దానికెంత దగ్గరో కొలుచుకున్నాకే ఛాతీ తెరవాలా, తొడ దగ్గర నుంచి స్టెంట్ గ్రాఫ్ట్ (నాళం లోపల అమర్చే తొడుగు గొట్టం) పంపాలా అన్నది తేలుతుంది. మా మావయ్య సీడీ జగన్నాథుడి పటం వెనకే ఉండిపోయింది, పార్వతీపురం దాటాక గుర్తొచ్చింది. మళ్లీ స్కాన్, మళ్లీ ఖర్చు!

- బీపీ మాత్ర మానకండి. పరగడుపున రమ్మన్నారని చాలామంది మానేస్తారు. గుక్కెడు నీళ్లతో వేసుకోవచ్చా అని ముందురోజే డాక్టర్‌ని అడగండి. బీపీ పెరిగితే ఉబ్బిన నాళం గోడ చిట్లే భయం ఇంకా ఎక్కువ.
- క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు పెట్టుకోండి. స్కాన్‌లో ఎక్కించే మందు కిడ్నీల మీద పడొచ్చు. మెట్‌ఫార్మిన్ (షుగర్ మాత్ర), రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే చెప్పండి.
- మూటలు మోయొద్దు, ముక్కొద్దు. నవ్వులాట కాదు, మలబద్ధకంతో ముక్కడం కూడా లెక్కే.
- జ్వరమొచ్చిందని షాపులో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ అడిగి కొనకండి, ఈ జబ్బుకి ఆ రకం మందులు పడవు.
- ఒడిశా ఆరోగ్య కార్డు మీరు వెళ్లే వైజాగ్ ఆసుపత్రిలో, ఈ ఆపరేషన్‌కి చెల్లుతుందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి.

ఉబ్బిన చోట నాళం అడ్డకొలత 5.5 సెంటీమీటర్లు దాటితే మామూలుగా ఆపరేషన్ అంటారు, మార్ఫాన్ లాంటి, పుట్టుకతో నాళాల గోడలు బలహీనంగా ఉండే జబ్బుంటే ఇంకా ముందే.

ఛాతీలోనో వీపులోనో ఒక్కసారిగా చీల్చినట్టు నొప్పొస్తే గ్యాస్ అనుకుని సోడా తాగించకండి, రైలు కోసం చూడకండి. 108కి కొట్టండి.